పొందూరు పంచె, ఓడలో విందు

జంషెడ్‌పూర్ బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉన్నది. పదవీ విరమణ చేసిన తెలుగువారు కొందరు ఆదివారం సాయంకాలం అక్కడ కలుసుకుంటూ ఉంటారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పల్లెల నుంచి ఉక్కు కర్మాగారపు కొలువు కోసం వచ్చి, ఇక్కడే పిల్లలను పెంచి, ఇక్కడే తలలు నెరసినవారు వారు. ఒక ఆదివారం నాడు అందులో ఒక మిత్రులు జేబులోనుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా చేతికిచ్చారు. ఇంగ్లండులో ఉంటున్న వారి కుమార్తె తల్లిదండ్రులకు ఓడ ప్రయాణం ఏర్పాటు చేసినది. సౌతాంప్టన్‌లో ఎక్కి, నార్వే తీరం చూసి, ఏడు రాత్రుల తరువాత తిరిగి అక్కడే దిగాలి. ఆ కాగితం ఓడ కంపెనీవారు పంపిన దుస్తుల నియమావళి.

"చదవండి మాస్టారూ. సాయంత్రం ఆరు దాటితే నన్ను ఈ బట్టల్లో భోజనానికి రానివ్వరట" అన్నారాయన.

చదివాను. పగటిపూట ప్రయాణికులు తమకు నచ్చినట్లు ఉండవచ్చును. సాయంకాలం ఆరు గంటలు దాటిన పిమ్మట ముఖ్య భోజనశాలకు వచ్చేవారు మర్యాదగా దుస్తులు ధరించి రావాలి. ఏడు రాత్రులలో రెండు ప్రత్యేక విందు రాత్రులు. ఆ రెండు రాత్రులూ మగవారు డిన్నర్ జాకెట్ గానీ, ముదురు రంగు సూటు గానీ వేసుకొని, మెడకు బో టై లేక పొడుగు టై కట్టుకోవాలి. ఆడవారికి నిలువు గౌను. ఇదంతా తమకు వద్దనుకున్నవారు ఎవరికి వారే వడ్డించుకొనే మరొక భోజనశాలలో తినవచ్చును. అనగా ఎవరినీ పస్తు ఉంచరు. ప్రక్క గదికి పంపుతారు, అంతే.

మిత్రులు ముప్పయి ఆరు సంవత్సరాలు రోలింగ్ మిల్లులో పని చేసినవారు. దుస్తుల నియమం అంటే ఆయనకు కొత్త కాదు. తలకు హెల్మెట్, కాళ్ళకు ఇనుప తొడుగు గల బూట్లు, ఒంటికి నూలు బట్ట లేకుండా ఎర్రగా కాలిన ఉక్కు దగ్గరకు ఎవరినీ పోనివ్వరు. పాలియెస్టర్ చొక్కా మీద నిప్పురవ్వ పడితే అది కరిగి చర్మానికి అంటుకుపోతుంది. "ఆ నియమానికి కారణం ఉంది. కారణం అడిగితే ఫోర్‌మన్ చెప్పేవాడు. పులుసు తాగడానికి మెడకు ముడి ఎందుకో ఎవరిని అడగాలి?" అన్నది ఆయన ప్రశ్న.

ప్రశ్న న్యాయమైనదే. నాకు తెలిసినంతవరకు సమాధానం చెప్పటానికి ప్రయత్నించాను. అది ఆయనకన్నా నాకే ఎక్కువ వినోదం కలిగించిందని ఒప్పుకోవాలి.

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులోని ధనిక కుటుంబాలలో రాత్రి భోజనానికి దుస్తులు మార్చుకోవటం నిత్యకృత్యం. వెనుక రెండు తోకలు వ్రేలాడే నల్లని పొడుగు కోటు, గంజి పెట్టి అట్ట వలె బిగిసిన చొక్కా, తెల్లని టై, ఇది సాయంకాలపు వేషం. అందులో వంగటం కష్టం, ఊపిరి పీల్చటం కష్టం. అప్పటి యువరాజు, తరువాత ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి అయినవాడు, 1865లో ఇంటి భోజనాలకు తోకలు లేని పొట్టి కోటు కుట్టించుకున్నాడని లండనులోని హెన్రీ పూల్ అనే దర్జీ సంస్థవారు చెప్పుకుంటారు. సుఖం కోసం పుట్టిన ఆ పొట్టి కోటే డిన్నర్ జాకెట్. 1886 ప్రాంతాల అది న్యూయార్క్ దగ్గరి టక్సీడో పార్కు అనే ధనికుల విడిదికి చేరి, అమెరికాలో టక్సీడో అని పేరు తెచ్చుకున్నది. ఒక తరంవారు బిగువు భరించలేక వదులు చేసుకున్న దుస్తు తరువాతి తరాలకు బిగువైన నియమంగా మారటం ఇందులోని తమాషా.

అది ఓడ ఎక్కింది ఎట్లా? 1869లో సూయెజ్ కాలువ తెరచిన తరువాత ఇంగ్లండునుంచి ఇండియాకు ఆవిరి ఓడల రాకపోకలు విపరీతంగా పెరిగినవి. పీ అండ్ ఓ కంపెనీ ఓడలలో మొదటి తరగతి అంటే నీటి మీద తేలే ఒక ఇంగ్లీషు బంగళాయే. అధికారులు, వారి భార్యలు, తేయాకు తోటల యజమానులు, పెండ్లి సంబంధాలు వెదుక్కుంటూ వచ్చే కన్యలు. అట్టివారు సముద్రం మీద ఉన్నాము గదా అని అలవాటు మానుకుంటారా? సామాన్లకు చీటీలు అంటించేవారు. "ప్రయాణంలో కావలెను" అన్న పెట్టె గదిలోకి, "ప్రయాణంలో అక్కరలేదు" అన్న పెట్టె ఓడ కడుపులోకి. రాత్రి విందు దుస్తులున్న పెట్టె మీద ఏ చీటీ ఉండేదో చెప్పనక్కరలేదు. మొదటి రాత్రి, చివరి రాత్రి మాత్రం మినహాయింపు. పెట్టెలు విప్పి ఉండవు, లేదా కట్టేసి ఉంటవి. ఆ ఆచారం నేటికీ అనేక ఓడలలో మిగిలి ఉన్నది.

కాని ఎర్ర సముద్రం వచ్చేది. పోర్ట్ సయ్యద్ దాటినది మొదలు ఏడెన్ వరకు ఆ వేడిమి సామాన్యం కాదు. నల్ల ఉన్ని కోటులో కూర్చొని వేడివేడి మాంసం కోసుకొని తినటం ఎంతటి విధేయులకైనా దుస్సాధ్యం. అందువల్ల ఒక రాజీ పుట్టినది. కోటు మానివేయవచ్చు, తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు ఉంచి, నడుముకు పట్టు కట్టు కట్టాలి. దానిని ఎర్ర సముద్రపు వేషం అనేవారు. బ్రిటిష్ నౌకాదళంలోను, దౌత్య కార్యాలయాలలోను ఉష్ణదేశాలలో అది ఇప్పటికీ చెల్లుతుంది. ఆ నడుము కట్టును వారు "కమర్‌బండ్" అన్నారు. మాట ఎక్కడిదో తెలుగువారికి చెప్పాలా? కమరు, బందు. మన సిపాయిలు, నౌకర్లు నడుముకు చుట్టుకొన్న గుడ్డే దొరవారి విందు బల్ల దగ్గరకు చేరినది.

ఇటువంటిదే మరొకటి. పదిహేడవ శతాబ్దంలో లండను పెద్దమనుషులు సాయంకాలం ఇంటికి వచ్చి బిగుతు బట్టలు విడిచి, వదులైన ఒక పొడుగు అంగీ తొడుక్కొనేవారు. మన మచిలీపట్నం మొదలైన కోరమండల తీరపు రేవులనుంచి పోయిన అద్దకం బట్టతో కుట్టినవి కూడా అందులో ఉండేవి. ప్రసిద్ధ దినచర్య రచయిత సామ్యూల్ పీప్స్ 1666లో తన చిత్రపటం వ్రాయించుకోవటానికి ఇటువంటి ఇండియా అంగీని అద్దెకు తెచ్చుకున్నాడు. ఆ అంగీకి వర్తకులైన బనియాల పేర "బనియన్" అని పేరు వచ్చినది. అదే మాట చివరకు మన చొక్కా క్రింది లోదుస్తుకు దక్కినది. అద్దెకు తెచ్చిన భారతీయ వస్త్రంలో గౌరవంగా కనిపించాలని ఒక ఇంగ్లీషువాడు తాపత్రయపడిన రోజులు కూడా లోకంలో ఉన్నవన్నమాట.

ఇంతవరకు విని మిత్రులు నవ్వారు. "మరి ఆ ఓడల్లో అడుగున బొగ్గు వేసేవాళ్ళు ఏం కట్టుకునేవారు?" అని అడిగారు. ఉక్కు మనిషికి తోచవలసిన ప్రశ్న. పీ అండ్ ఓ ఓడలలో కొలిమి దగ్గర పంజాబు ముస్లిములు, భోజనశాలలో గోవా క్రైస్తవులు పని చేసేవారు. భోజనశాలవారికి తెల్లని కోటు కంపెనీయే ఇచ్చేది. కొలిమివారి దుస్తుల గురించి ఏ నియమావళిలోను నేను చదవలేదు.

ఓడ, దుస్తులు అనగానే మనకు గాంధీగారు జ్ఞాపకం వస్తారు. 1888 సెప్టెంబరు 4వ తేదీన పద్దెనిమిదేండ్ల ఆ కుర్రవాడు బొంబాయిలో క్లైడ్ అనే ఓడ ఎక్కాడు. చాకు, ముల్లు వాడటం తెలియక, ఏ పదార్థంలో మాంసం ఉన్నదో అడగటానికి సిగ్గుపడి, భోజనశాలకు పోక గదిలోనే ఇంటినుంచి తెచ్చిన మిఠాయిలు, పండ్లతో చాలావరకు కాలక్షేపం చేశాడు. ఓడలో నల్ల సూటు వేసుకొని, తెల్ల ఫ్లానెల్ సూటును మాత్రం దిగేనాటికని ప్రత్యేకంగా దాచుకున్నాడు. తీరా సెప్టెంబరు చివర దిగి చూస్తే తెల్ల బట్టలలో ఉన్నది తానొక్కడే. పెట్టెలు ఏజెంటు అధీనంలో ఉన్నవి; మరునాడు ఆదివారం, అవి రావు. ఆ సిగ్గును ముప్పయి ఏండ్లు దాటిన తరువాత కూడా ఆయన మరువలేదు. తాను దిగిన రేవు సౌతాంప్టన్ అని ఆత్మకథలో వ్రాశారు, మా మిత్రులు ఓడ ఎక్కవలసినది కూడా అక్కడే. అటు తరువాత గాంధీ లండనులో బాండ్ వీధిలో పది పౌనులు పోసి సాయంకాలపు సూటు కుట్టించుకోవటం, పందొమ్మిది షిల్లింగుల టోపీ కొనటం, అద్దం ముందు నిలిచి టై ముడి నేర్చుకోవటం అన్నీ ఆయనే దాపరికం లేకుండా చెప్పిన సంగతులు.

1921 సెప్టెంబరులో మదురలో ఆయన అంగవస్త్రానికి దిగారు. 1925 ఆగస్టులో మా జంషెడ్‌పూర్ వచ్చినప్పుడు ఆ వేషంతోనే వచ్చారు. అప్పటి ఊరిలో అమెరికా, ఇంగ్లండు నిపుణులు పెద్ద పదవులలో ఉండేవారు. కర్మాగారానికి మొదటి భారతీయ జనరల్ మేనేజరుగా జహంగీర్ ఘాందీ రావటం 1938లో గాని జరగలేదు. కోట్లు, టోపీల వారి మధ్య, మోకాలు దాటని గుడ్డతో ఉన్న మనిషి కార్మిక సంఘానికి, యాజమాన్యానికి నడుమ మాట కుదర్చటానికి వచ్చారు. 1931లో రాజపుతానా అనే ఓడలో రెండవ తరగతిలో ప్రయాణం చేసి లండను చేరి, నవంబరులో బకింగ్‌హాం రాజభవనపు తేనీటి విందుకు అదే గుడ్డ, శాలువ, చెప్పులతో వెళ్ళారు. అక్కడ కూడా దుస్తుల నియమం ఉన్నది. ఆయన కోసం దానిని ప్రక్కన పెట్టారు. ఒకే మనిషి పది పౌనుల సూటుకు, ఆ గుడ్డకు మధ్య నలుబది మూడేండ్లు నడిచారు. అంత దూరం నడిచే తాహతు అందరికీ ఉండదు. మనవంటివారిని ద్వారం దగ్గరే ఆపివేస్తారు.

ఈ మాట దగ్గర మిత్రులు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత ఒక సంగతి చెప్పారు. ఇరవై ఏండ్లకు పైగా పరిచయం ఉన్నా అదివరకు నాకు చెప్పనిది.

1984లో ఆయనకు ఇరవై ఎనిమిదేండ్లు. మిల్లులో నీటితో చల్లబరచే పద్ధతిలో ఒక చిన్న మార్పు సూచించి వ్యాసం వ్రాస్తే, ఒక సాంకేతిక సంఘంవారు బహుమతి ప్రకటించి, ఒక పెద్ద నగరంలో సభ, దాని వెంట రాత్రి విందు ఏర్పాటు చేశారు. విందు ఒక పాతకాలపు క్లబ్బులో. దాని పేరు మనకు అవసరం లేదు. వారి తండ్రిగారు కంటి వైద్యం కోసం పొందూరు దగ్గరి పల్లెనుంచి అప్పటికే ఆ నగరానికి వచ్చి ఉన్నారు. కొడుకు బహుమతి చూడాలని ముచ్చటపడి, పెట్టె అడుగునుంచి సన్నని పొందూరు ఖద్దరు పంచె తీసి కట్టుకొని, కండువా వేసుకొని బయలుదేరారు. పొందూరు పంచె గురించి ఎరుగని పాఠకుల కోసం ఒక మాట. అక్కడి నేర్పరులైన స్త్రీలు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, గింజ తీసి, చేతితో వడికే నూలు నూరవ నంబరు పైన కూడా ఉంటుంది. ఒక్క పంచె వెనుక ఎందరి రోజులో ఉంటవి. ఆ పెద్దాయన దగ్గర ఉన్న బట్టలలో అంతకు మించినది లేదు. ఆయన లెక్కలో అదే విందు దుస్తు.

క్లబ్బు ద్వారం దగ్గర కాపలాదారు ఆపాడు. మర్యాదగానే ఆపాడు. పంచెతో భోజనశాలలోకి ప్రవేశం లేదని చెప్పి, ఇటువంటి సందర్భాల కోసం క్లబ్బువారే ఉంచుతారట, ఒక ప్యాంటు తెచ్చి ఇవ్వబోయాడు. పెద్దాయన దాని వంక చూసి, కొడుకుతో, "నేను పెందరాళే తిని వచ్చాను గదరా, నాకు ఆకలి లేదు. నువ్వు వెళ్ళు, నేనిక్కడ గాలికి కూర్చుంటాను" అన్నారు. ద్వారం ప్రక్క బల్ల మీద కూర్చున్నారు.

"నేను లోపలికి వెళ్ళాను మాస్టారూ" అన్నారు మిత్రులు. "వెళ్ళి బహుమతి పుచ్చుకున్నాను. భోజనం కూడా చేశాను. బయటికి వచ్చేసరికి పదిన్నర. ఆయన అక్కడే కూర్చొని ఉన్నారు. ఏం పెట్టారురా అని అడిగారు. రైల్లో వచ్చేప్పుడు తెలిసింది, ఆ పూట ఆయన ఏమీ తినలేదని."

నేను ఏమి అనగలను? ఇరవై ఎనిమిదేండ్ల కుర్రవాడు, వేదిక మీద పేరు పిలుస్తున్నారు, పై అధికారులు చూస్తున్నారు. అతని స్థానంలో మనలో ఎంతమంది వెనుదిరిగి ఉండేవారు?

ఇది ఒక్కరి అనుభవం కాదు. 1988లో బొంబాయి విల్లింగ్‌డన్ క్లబ్బులో ప్రఖ్యాత చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్‌ను పాదరక్షలు లేవని ప్రవేశం నిరాకరించారు. 2014 జూలైలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి హరిపరంధామన్ ఒక పుస్తకావిష్కరణకని చేపాక్కంలోని క్రికెట్ సంఘపు క్లబ్బుకు వెళితే, పంచె కట్టినందుకు ద్వారం దగ్గరే ఆపివేశారు. తీర్పులు చెప్పే చేతితో తలుపు తట్టినా తెరవలేదు. దాని మీద తమిళనాడు శాసనసభ ఆ సంవత్సరం ఆగస్టులోనే ఒక చట్టం చేసినది. పంచె వంటి సంప్రదాయ దుస్తులు కట్టినవారిని క్లబ్బులు, సభామందిరాలు అడ్డగించరాదని, అడ్డగిస్తే లైసెన్సు రద్దు, ఒక సంవత్సరం వరకు జైలు, ఇరవై ఐదు వేల రూపాయల జరిమానా అని అందులో ఉన్నది. 2024 జూలైలో బెంగుళూరులో ఒక వ్యాపార సముదాయానికి కొడుకుతో కలసి సినిమా చూడటానికి వచ్చిన ఒక రైతును పంచె కారణంగానే లోనికి రానివ్వలేదు. కర్ణాటక ప్రభుత్వం ఆ సముదాయాన్ని ఏడు రోజులు మూయించినది. అదే సంవత్సరం మొదట్లో భారత నౌకాదళం తన అధికారుల భోజనశాలలలో కుర్తా, పైజమాలను అనుమతించినది. తెల్ల దొరల ఓడలనుంచి వచ్చిన ఆచారాన్ని చివరకు మన ఓడలవారే కొంత సడలించారు.

అయితే ఒక్క వైపే చూచి మాట్లాడటం సరి కాదు. తిరుమలలో కల్యాణోత్సవం వంటి ఆర్జిత సేవలకు పోయే మగవారు పంచెగానీ పైజమాగానీ ధరించి, పైన ఉత్తరీయం వేసుకోవాలి. తిరువనంతపురం పద్మనాభస్వామి సన్నిధికి ప్యాంటుతో పోవటానికి వీలులేదు. అక్కడ ద్వారం దగ్గర పంచె అద్దెకు దొరుకుతుంది. నిజాం నవాబు దర్బారులో నజరానా సమర్పించబోయేవాడు ఎంతటి జాగీర్దారు అయినా తలకు దస్తారు, నడుముకు బగ్లూసు లేకుండా అడుగు పెట్టరాదు. నియమం పెట్టటం ఒక్క ఇంగ్లీషువాడి సొత్తు కాదు. నలుగురు కలిసే చోటికి శుభ్రంగా, శ్రద్ధగా అలంకరించుకొని రమ్మనటంలో తప్పు లేదు కూడా. పెండ్లికి మాసిన బట్టతో పోతే మనమే నొచ్చుకుంటాము. కాని శ్రద్ధ అంటే ఏమిటో నిర్ణయించే హక్కు ఎవరిది? నూరవ నంబరు నూలు పంచెను అశ్రద్ధ అని, ఎవరో వాడి విడిచిన ప్యాంటును శ్రద్ధ అని చెప్పిన ఆ క్లబ్బు నియమం నా మనస్సుకు ఎన్నటికీ పట్టదు.

ఈ విషయంలో స్త్రీల స్థితి నయం. చీరకు ప్రపంచంలోని విందు బల్లలన్నింటి దగ్గర దాదాపుగా ప్రవేశం ఉన్నది. మిత్రుల భార్యగారు ఈ చర్చ అంతటిలోను నిశ్చింతగా ఉన్నారు. ధర్మవరం చీర ఒకటి, మంగళగిరి చీర ఒకటి పెట్టెలో పెట్టుకొని, "మీరు ఏదో ఒకటి తేల్చుకోండి, ఇస్త్రీకి ఇవ్వాలి" అన్నారట.

కుమార్తె మాత్రం ఫోనులో పట్టుపట్టినది. "నాన్నా, సూటు అద్దెకు దొరుకుతుంది, నేను తెచ్చి ఉంచుతాను. అక్కడ ఎవరైనా ఏదైనా అంటే మీరు బాధపడతారు" అన్నది. ఆమె మాటలో ప్రేమ తప్ప మరేమీ లేదు. తండ్రిని ద్వారం దగ్గర నిలబెట్టడం ఇష్టం లేని బిడ్డ ఆమె. 1984 నాటి సంగతి ఆమెకు తెలియదు. ఆయన చెప్పనూ లేదు.

కాగితం మళ్ళీ తీసి అడుగుదాకా చదివితే చిన్న అక్షరాలలో ఒక వాక్యం కనిపించినది. విందు రాత్రులలో సైనిక దుస్తులు, తమ దేశపు లాంఛన దుస్తులు కూడా అంగీకారమే అని. ఇంగ్లండు ఓడ కంపెనీలలో క్యునార్డ్ వంటి పెద్ద సంస్థల నియమాలలో ఈ వెసులుబాటు ఉన్నది. స్కాట్లండువారి గీతల పావడాకు, అరబ్బుల పొడుగు అంగీకి ఇదే మార్గం. కొన్ని కంపెనీలు అసలు ఆ గొడవే వదలుకున్నవి. నార్వీజియన్ అనే సంస్థ 2000లో విందు రాత్రుల నిర్బంధం తీసివేసినది. మన దేశంలో 2022లో విశాఖపట్నం రేవుకు వచ్చిన కార్డేలియా వారి ఎంప్రెస్ వంటి ఓడలలో పట్టు జుబ్బాలు, షేర్వానీలు సర్వసాధారణం. 2023 సెప్టెంబరులో విశాఖలో ఇటువంటి ఓడల కోసమే ప్రత్యేక టెర్మినల్ ప్రారంభించారు. కాబట్టి తెలుగువారికి ఈ ప్రశ్న ఇక ముందు తరచు ఎదురయ్యేదే.

"తమ దేశపు లాంఛన దుస్తులు అన్నారు. మా నాన్న కట్టుకున్నది లాంఛనం కాదంటారా?" అని మిత్రులు అడిగారు. నేను బంద్‌గలా కోటు అయితే ఏ గొడవా ఉండదని, టై అక్కరలేదని, పార్లమెంటునుంచి పెండ్లిపందిరి వరకు చెల్లుతుందని సలహా ఇచ్చాను. అది పిరికి సలహా అని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆయన విన్నారు. తరువాత టాటానగర్‌లో రైలెక్కి, పొందూరు పోయి ఎనిమిది మూరల పంచె, దానికి తగిన కండువా కొని తెచ్చారు. ముందు జాగ్రత్తగా బంద్‌గలా కూడా పెట్టెలో పెట్టుకున్నారు. భార్యగారు పెట్టించారని నా అనుమానం.

ఆయన తిరిగి వచ్చాక మొదటి ఆదివారమే మందిరంలో చుట్టూ మూగి అడిగాము. మొదటి విందు రాత్రి అందరూ నల్ల కోటులలో వరుసగా లోపలికి పోతున్నారట. ద్వారం దగ్గర ఉన్న ఉద్యోగి భారతీయుడే, గోవావాడు. పంచె వంక, చెప్పుల వంక చూసి ఒక్క క్షణం తడబడ్డాడట. "నలభై ఏండ్ల క్రిందట ఆ క్లబ్బు దగ్గర ఆపినవాడూ మనవాడే గదా, నాకు గుండె ఝల్లుమంది" అన్నారు మిత్రులు. మడత పెట్టిన ఆ కాగితం కండువా మాటున పట్టుకొనే వెళ్ళారు. తీయబోయే లోపలే ఆ ఉద్యోగి, "రండి సర్" అని హిందీలో అని, తానే ముందు నడిచి బల్ల దగ్గర కుర్చీ లాగి వేశాడట. అద్దె సూటు కోసం పోరిన కుమార్తె, కూర్చున్న తరువాత బల్ల క్రింద తండ్రి చెయ్యి పట్టుకొని చాలాసేపు విడువలేదట. తండ్రిగారి సంగతి ఆమెకు ఆ రాత్రే చెప్పారట. ఏమన్నదని మేము అడగలేదు.

ప్రక్క బల్ల దగ్గర గీతల పావడా కట్టిన స్కాట్లండు వృద్ధుడు ఒకడు ఉన్నాడు. భోజనం ముగిసేవరకు ఈయన ఆ పావడాను, ఆయన ఈ పంచెను ఓరగా చూసుకోవటమే సరిపోయిందట. చివరకు ఆ పెద్దమనిషే లేచి వచ్చి, ఇది ఎన్ని గజాల బట్ట అని అడిగాడు. నాలుగు గజాలు అని చెప్పి, మీది ఎంత అంటే, ఎనిమిది గజాలు అని అతడు గర్వంగా అన్నాడట. కుట్టు ఎంత అని ఈయన అడిగారు. దర్జీ రోజుల తరబడి మడతలు కుట్టాలి అన్నాడు అతడు. దీనికి కుట్టే లేదు అని మిత్రులు చెబితే, ముడి ఎక్కడ ఉన్నదో చూపమని ఆయన కుర్చీ దగ్గరకు లాక్కొని కూర్చున్నాడట.

రెండవ విందు రాత్రికి బంద్‌గలా పెట్టెలోనుంచి తీయలేదు. అది ఇంకా ఇస్త్రీ మడత చెదరకుండా ఉన్నదని, ఎవరికైనా పెండ్లికి కావలిస్తే ఇస్తానని మిత్రులు మాతో అన్నారు. కొలత ఎంత అని ఇద్దరు అప్పుడే అడిగారు.